అతిథుల చెప్పులు

మా బడిలో బయటి బూట్లు గడప దగ్గరే ఆగిపోతాయి.
లోపల తిరగడానికి తెల్ల బూట్లు, మడమ మీద పేరు.
పేరున్న జత కనబడని పూట
ఆ పిల్లాడు నా గదికొస్తాడు.
నా దగ్గర దూది, థర్మామీటరు, రెండు మంచాలు,
అతిథుల కోసమని ఉంచిన ఆకుపచ్చ చెప్పులు.

కువబార ఇబుకి మొదటిసారి వచ్చింది ఏప్రిల్లో.
"మర్చిపోయాను" అన్నాడు.
తడిసిన సాక్సుల కేసి చూశాను.
చూసి కూడా, రిజిస్టర్లో
మర్చిపోయాడనే రాశాను.

అవి పెద్దవాళ్ల కొలత చెప్పులు.
పదమూడేళ్ల పాదానికి నిలవవు.
నడిస్తే టపక్, టపక్.
మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దాకా తెలిసిపోతుంది
ఇవాళ ఎవరి బూట్లు పోయాయో.
ఆ చప్పుడుకి తరగతిలో ఎవరో నాలుకతో తాళం వేసేవారట.
నాకెలా తెలుస్తుంది, నా గది కింద కదా,
అని విచారణలో చెప్పాను.
అబద్ధం.
కిందికి కూడా వినిపించేది.

జూన్‌లో బూట్లు ఈతకొలనులో తేలాయి.
సెప్టెంబరులో పాలడబ్బాలు కడిగే తొట్టి వెనక దొరికాయి.
అక్టోబరులో దొరకలేదు.

బడి ఊరుకుందని అనకూడదు.
అరలకి కొత్త లేబుళ్లు అంటించాం.
"మన వస్తువుల్ని మనం ప్రేమిద్దాం" అని
హెడ్మాస్టరు నిషియామ గారు ఒక వారం జరిపించారు,
పోస్టర్లో నవ్వుతున్న పెన్సిలు.
ఒక ప్రశ్నపత్రం కూడా ఇచ్చాం:
నిన్నెవరైనా బాధపెడుతున్నారా?
పక్కపక్క బల్లల మీద, పేరు రాసి, పది నిమిషాల్లో.
"లేదు" చుట్టూ సున్నా చుట్టిన కాగితాలు ముప్పై ఒకటి.
ఇబుకి సున్నా రెండుసార్లు దిద్ది ఉంది,
ఎక్కడా తెగకుండా.
ముప్పై ఒక్క సున్నాలు కూడితే ఎంత?
అదే జిల్లా ఆఫీసుకి పంపాం.

ఫిబ్రవరి. మొంబెత్సు తీరానికి
మంచుపలకలు వచ్చి ఆనుకున్న రోజులు.
కెరటం చప్పుడు ఆగిపోయి ఊరు చెవిటిదైనట్టుంటుంది.
బొమ్మల పీరియడ్లో
చెక్క మీద గుడ్లగూబని చెక్కుతున్నాడు,
ఒక కన్ను అయింది,
రెండో కంటికి ముందు ఉలి పక్కకి తిరిగింది.
షిబాసాకి రెన్తో అరచెయ్యి.
ఏడు కుట్లు.

ఇద్దర్నీ నా గదికే తెచ్చారు,
ఒకడు నెత్తుటితో, ఒకడు ఆకుపచ్చ చెప్పులతో.
గుడ్డ బిగిస్తుంటే రెన్తో అన్నాడు:
"నేనెప్పుడూ దాచలేదు టీచర్. ఒక్కసారి కూడా. నవ్వానంతే."
తిలాపాపం తలా పిడికెడంటారు.
నా పిడికిట్లో ఎంతుందో
ఆ గుడ్డ ముడి వేస్తూ తూచుకున్నాను.
మంచం అంచున కూర్చున్న ఇబుకి
"నొప్పిగా ఉందా?" అన్నాడు.
రెన్తోని అడిగాడో నన్నడిగాడో
ఇప్పటికీ తెలియదు.

టీవీ బళ్లొచ్చాయి.
నిషియామ గారు నడుము వంచి చాలాసేపు లేవలేదు.
ముందుగా ఏ సూచనా లేదన్నారు.
ఆ మర్నాటి నుంచి ఉలుల లెక్క మొదలైంది:
నూట ఎనభై ఆరు, తాళం పెట్టె,
సాయంత్రం ఇద్దరు టీచర్ల సంతకం.
చెప్పుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ రాత్రి రిజిస్టరు తెరిచాను.
నలభై మూడుసార్లు.
కారణం గడిలో నా చేతిరాత:
మర్చిపోయాడు. మర్చిపోయాడు.
పదకొండో వరస నుంచి ఆ మాట కూడా లేదు,
పైదే అని రెండు చిన్న గీతలు.
కింది దాకా గీతలే,
పిచ్చుక నడిచి వెళ్లినట్టు.

మార్చిలో కమిటీ కూర్చుంది.
ఇంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు.
మెట్ల మీంచి, అందామనుకున్నాను,
పొద్దున్నే, అందరికీ వినబడేలా.
అనలేక రిజిస్టరు బల్ల మీద పెట్టాను.
కళ్లజోడాయన పేజీలు తిప్పారు, జెరాక్సు తీయమన్నారు.
తర్వాత ఒక్కటే అడిగారు,
చెప్పులు ప్రతిసారీ తిరిగి ఇచ్చేవాడా అని.

ఇచ్చేవాడు, అన్నాను.
జతగా.
అడుగులు తుడిచి.