కాలవ కట్టేసిన నెల

మే నెల రెండో శనివారం.
ముప్పై ఒక్క మందిమి, ఒకే పసుపు రంగు టీ షర్టుల్లో.
ఆడవాళ్ళం చీరల మీదే తొడుక్కున్నాం,
ఫోటో అయ్యేదాకానే అని, ఉక్కని తిట్టుకుంటూ.

పదో తరగతి, బి సెక్షన్.
అయిదేళ్ళు ఒకే గదిలో కూచుని
అటు బెంచీలవాళ్ళతో ఇటు బెంచీలవాళ్ళం
ఒక్క మాటా ఆడలేదు.
ఇవాళే మొదలు, నలభై తొమ్మిదో ఏట.
నువ్వనాలో మీరనాలో తేలక
సత్తిరాజు ప్రతి వాక్యంలో క్రియ మింగేస్తున్నాడు:
"ఇంకా... పిల్లలూ... అదీ..."
ఆయ్, ఆయ్ అని తలూపి గట్టెక్కాం.

పనసపొట్టు కూర వడ్డిస్తుండగా హాల్లో కరెంటు పోయింది.
కాలవగట్టుకి పోదాం పదండని ఎవరో అన్నారు.

కాలవ కట్టేసి పది రోజులు.
చిన్నప్పుడు ఎంతో లోతనుకున్నది
ఇంతేనా అనిపించేలా పడుంది.
నెర్రెలిచ్చిన ఒండ్రు, ఒంటి చెప్పులు,
తొండం విరిగిన వినాయకుడు,
ఎండి తాళ్ళయిపోయిన గుర్రపుడెక్క.
మిగిలిన ఒక్క మడుగులో
పిల్లలు మట్టగిడసల కోసం తడుముతున్నారు.

"మీ జామెట్రీ బాక్సు ఇక్కడే ఎక్కడో ఉండాలి"
అన్నాడు వెంకటరత్నం.
"నేనే విసిరాను, తొమ్మిదిలో. క్షమించాలి తమరు."
"నువ్వేంట్రా, విసిరింది నేను" అన్నాడు సత్తిరాజు.
ఎరువుల కొట్టు బులిరాజైతే
వంతెన మీద ఏ కమ్మీ దగ్గర నించుని విసిరాడో కూడా చూపించాడు.
నాగమల్లి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను.
ముగ్గురికి అప్పట్లో నా మీద అంత ధ్యాసుందని తెలిసి
ఓ క్షణం బాగానే ఉంది కూడా.

విసిరింది నేను.
శుక్రవారం ఆడపిల్లల లెక్కల పేపర్లిచ్చారు.
పదకొండు మార్కుల్ని నాలుగు మడతలు పెట్టి
బాక్సులో దాచి, బాక్సుతో సహా నీళ్ళలోకి.
శనివారం మాస్టారు "ఎవరు తీశారే?" అంటే
వేలు కూడా చూపలేదు,
చివరి బెంచీ వైపు చూశానంతే.
అక్కడ కూచునేది ఎవరో, ఎందుకు చివరో
ఆ గదిలో అందరికీ తెలుసు.
యేసుపాదం చెయ్యి చాచాడు. తర్వాత రెండో చెయ్యి.

సోమవారం మగపిల్లల పేపర్లిచ్చారు.
అతని పేపరు అందుకోడానికి అతను లేడు.
మళ్ళీ రాలేదు.

లాకుల దగ్గర ఒకాయన గేట్లకి గ్రీజు పెడుతున్నాడు,
ఖాకీ నిక్కరు, మోచేతుల దాకా నలుపు.
"ఒరే, మన పాదంరా!" అన్నాడు వెంకటరత్నం.
లస్కరు పని. వాళ్ళ నాన్నది.
పదో తరగతి జాబితాలో లేడు గనక
అతని సైజు ఎవరూ అడగలేదు.
అరచేతులు చూపించి, మోచెయ్యి ముందుకి చాచాడు.
ఒకరి తర్వాత ఒకరు మోచెయ్యి పట్టుకుని ఊపారు.
అందరూ మీరన్నారు. అతనూ అండీ, అండీ అన్నాడు.

చెప్పులో మట్టి దులుపుకుంటున్నట్టు వెనకాగాను.
"ఆ బాక్సు..."
"తెలుసు" అన్నాడు, గ్రీజు డబ్బా మూత వెతుక్కుంటూ.
"నువ్వు విసిరినప్పుడు రేవులో గేదెని కడుగుతున్నాను."
నువ్వు అన్నాడు.
"మరి చెప్పలేదేం?"
"చెబితే?"
అడిగి, జవాబు కోసం ఆగకుండా
పళ్ళచక్రం తిప్పి చూసుకున్నాడు.
గేటు కీచుమనకుండా లేచింది,
కింద చుక్క నీరు లేదు.

ఆ రాత్రి అంత్యాక్షరి ఆడారు.
నాకు ఏ అక్షరమొచ్చిందో గుర్తులేదు.

ఆదివారం బస్సుకి ముందు
ఒక్కదాన్నే లాకుల దాకా వెళ్ళాను.
చేతులు తోముకుని అన్నం తింటున్నాడు.
"నీకు నలభై మూడొచ్చాయి" అన్నాను.
ముద్ద పట్టుకునే ఆలోచించాడు చాలాసేపు.
"ఎంతకి?"
"యాభైకి."
కాలవలోకి చూశాడు, తలుపు రెక్కల్లోకి చూశాడు.
"ఆ ఏడూ
ఎక్కడ కొట్టేసుంటాడంటావు?" అన్నాడు.