కొసలు

దేవరకొండ రోడ్డు నర్సరీల కొన్న డ్రసీనా,
రెండు నెలలకే కొసలు మాడినయి.

"బోరు నీళ్లు పోస్తున్నరా అక్కా?
ఫ్లోరైడు దీనికి పడదు" అన్నడు పిల్లగాడు.
నా పండ్ల దిక్కు చూసి
మిగిలిన మాట మింగిండు.

ఐతారం పొద్దుగాల
బట్టల కత్తెర పట్టుకొని కూసున్న.
పచ్చ తెగొద్దట, తెగితే మళ్ల మాడుతదట.
గోధుమరంగు గీత సన్నగ ఇడిసి
ఏటవాలుగ, ఆకు రూపు చెడకుంట

చిన్నాయన సాయిలు గడపల నిలవడి చూస్తున్నడు.
మెడ తిరగదు, మనిషే మొత్తం తిరుగుతడు.
"ఇగ ఏం నీళ్లు పోస్తవే దీనికి?"
"క్యాను నీళ్లు."
"ఊఁ."

కొసలు కొంగుల ఏరుకున్న,
గోళ్ల లెక్కున్నయి.
క్యాను వంచి ఆయనకో గ్లాసిచ్చిన.
సగం తాగి,
నడుము వంగక గోడ పట్టుకొని
మిగిలింది కుండీల పోసిండు.