ఎర్ర చీటీ

కోయంబత్తూరు నుంచి తిరిగొచ్చింది ఒకే ఒక్క బుష్,
ప్లాస్టిక్ సంచిలో, మెడకు ఎర్ర చీటీతో.
లోపలి వ్యాసం పదమూడు మైక్రాన్లు ఎక్కువ.
వెంట్రుకను నిలువునా ఐదుగా చీలిస్తే
అందులో ఒక చీలికంత తప్పు.

పీన్యా రెండో స్టేజీ, పొద్దున ఎనిమిది.
హొన్నేగౌడ సార్ దాన్ని చేతిలోకైనా తీసుకోలేదు.
"గంగులప్పని పిలు" అన్నాడు.

గంగులప్పది మూలనున్న పాత లేతు.
చింతామణి నుంచి వచ్చి ఇరవై రెండేళ్లుగా
దాని పక్కనే నిలబడ్డాడు.
నూరు చేస్తే తొమ్మిది చెడతాయి. నిజమే,
రిజిస్టరులో ఉన్నది నా చేతిరాతే.
కొత్త చక్ అడిగిన కాగితం
నాలుగు ఆయుధపూజలు చూసింది.

గాజుగదిలో జపాను మెషిన్.
ఏసీ దానికే, మాకు కాదు.
నూటికి రెండే చెడగొడుతుంది.
మధ్యలో నఫీసా నడిపేది, నూటికి మూడు.

నూనె చేతులు కాటన్ వేస్టుకు తుడుచుకుంటూ వచ్చి
గంగులప్ప తల వంచాడు.
ఒప్పుకోవడానికి నోరు కూడా తెరిచాడు.
నేను టీ బిల్లు తిరగేశాను.

రోజుకు వెయ్యి, సార్.
గాజుగది ఆరు వందలు, అందులో చెడ్డవి పన్నెండు.
నఫీసా మూడు వందలు, తొమ్మిది.
ఈయన వంద, తొమ్మిది.
అన్నీ ఒక్క ట్రేలో పోస్తే ముప్పై.
కళ్లు మూసుకుని ఒకటి తీయండి.
పదిసార్లు తీస్తే నాలుగుసార్లు గాజుగదిదే.
ఈయనది మూడుసార్లు.

"అయితే ఈయన మెషిన్ మంచిదంటావా?"

అనను.
ఈయన చేస్తే చెడుతుందా అన్నది ఒక ప్రశ్న.
చెడితే ఈయనే చేశాడా అన్నది వేరే ప్రశ్న.
'తే' ఒక మాట వదిలి ఇంకో మాటకు అతుక్కుంటే చాలు,
ఒక మనిషి జీతం కోసుకుపోతుంది.

నా లెక్క ఆయన్ని విడిపించలేదు, అదీ చెప్పాలి.
చీటీ రాకముందు అనుమానం నూటికి పది,
వచ్చాక ముప్పై. మూడింతలు.
కానీ మిగతా డెబ్భై ఎవరి మెడకు?

సార్ బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు.
"గాజుగదికి మెమో ఇస్తే తీసుకునేదెవరు?
దానికి వంచడానికి తల కూడా లేదు."

మధ్యాహ్నం, చేతులు కడిగే కొళాయి దగ్గర,
గంగులప్ప మెల్లగా అడిగాడు:
"ఆ ముప్పైయీ నువ్వు పట్టుకున్నవి కదమ్మా.
ఇది నీ చెయ్యి దాటిపోయింది.
నా ట్రే వస్తే రెండుసార్లు కొలుస్తావు,
చూస్తూనే ఉంటా.
గాజుగదిది వస్తే?"

నీళ్లు పోతూనే ఉన్నాయి. కొళాయి కట్టలేదు నేను.

సైరన్ మోగింది. రెండో షిఫ్టు.
నా బల్ల మీద గాజుగది ట్రే,
చల్లగా, మెరుస్తూ.
మొదటి బుష్‌లోకి ప్లగ్ గేజి దించాను.
తీసి, తుడిచి,
మళ్లీ దించాను.