ఎడమ కాలు

"ఇక క్లచ్ తొక్కకు, ముబేరా" అన్నాడు డాక్టరు,
కాఫీలో పంచదార తగ్గించమన్నంత తేలిగ్గా.
ఎక్స్‌రేలో నా ఎడమ మోకాలు
అరిగిన బ్రేకు ప్యాడ్‌లా ఉంది.

అరగదా మరి.
ముప్ఫై ఒక్క ఏళ్లు సరాయెవోలో
సగం ఊరికి డ్రైవింగు నేర్పాను.
నా వైపు కూడా ఒక క్లచ్ ఉండేది.
వాళ్లు తొక్కడం మరిచిపోయినవన్నీ
నా కాలే తొక్కింది.
మొహాలు గుర్తులేవు కానీ
బిస్త్రిక్ ఎక్కుడు మీద
మూడు అనుకుని ఒకటిలో పడేసిన ప్రతి చేతినీ
ఇప్పటికీ గుర్తుపడతాను.

మా చెల్లెలి కూతురు ఎల్దీనా
తన ఆటోమేటిక్ బండి తాళం నా చేతిలో పెట్టింది.
"పెద్దమ్మా, డి లో పెట్టి ఊరుకో. అంతే."
ఊరుకోవడం నాకెవరు నేర్పారు?

మొదటి సిగ్నల్లోనే
పనిలేని ఎడమ కాలు పాత ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి
వెడల్పాటి బ్రేకు మీద దబ్బున కూర్చుంది.
సంచిలోని క్యాప్సికంలు డాష్‌బోర్డు దాకా ఎగిరాయి.
వెనక రొట్టెల వ్యాను అంగుళం దూరంలో ఆగింది.
దిగొచ్చినవాడు హజ్రుదిన్,
తొంభై ఎనిమిదిలో నా దగ్గర నేర్చుకుని
పరీక్ష రెండుసార్లు తప్పినవాడు.
కిటికీలోకి వంగి
"టీచర్, క్లచ్ మెల్లగా" అన్నాడు
అచ్చం నా గొంతుతో.

నిజం చెప్పొద్దూ,
సాయంత్రం ఆరింటికి స్కెందెరియా దగ్గర
కార్లు అంగుళం అంగుళం జరిగేటప్పుడు
ఆ బండి దేవుడి దయ.
పాదం ఎత్తితే కదులుతుంది, ఆనిస్తే ఆగుతుంది.
నలభై నిమిషాల జామ్‌లో
ఒక ఆపిల్ మొత్తం తినేశాను.
గేరు కర్ర పట్టుకున్న చేతితో
ఏనాడైనా ఆపిల్ తిన్నానా?

కానీ జనవరిలో, మంచు గడ్డకట్టిన దిగుడులో
రెండో గేరు నా నడుం పట్టుకుని దింపేది.
ఇది మాత్రం పట్టు అన్నచోట వదిలేస్తుంది.
కర్రని పక్కకి తోస్తే అంకెలు మనమే ఎంచుకోవచ్చట.
ఎంచుకున్నాను.
విన్నట్టే విని, తనకి నచ్చిందే చేసింది,
మా ఆయన బతికున్న రోజుల్లోలా.

మెకానిక్ రసీమ్‌ది ఇంకో లెక్క:
"క్లచ్ పోతే నా దగ్గరికి రా.
ఇది పోతే బ్యాంకుకి వెళ్లు."

ఆఖరి శిష్యుడు అనేస్ అడిగాడు,
"రేపు అన్నీ కరెంటు బండ్లే కదా, ఇదెందుకు?"
జవాబు చెప్పలేదు.
కోట కింద వాలులో హ్యాండ్ బ్రేకు వేయించి
కళ్లు మూసుకోమన్నాను.
వదులు. ఇంకాస్త. ఇంకాస్త.
అదిగో, ఇంజను గొంతు బొంగురుపోయి
బండి ముక్కు వెంట్రుకవాసి పైకి లేచే చోటు.
ఏ పుస్తకంలోనూ లేదు ఆ చోటు,
బండి బండికీ వేరు, చెప్పుల జత జతకీ వేరు.
వాడు కళ్లు తెరవకుండానే నవ్వాడు.

గోల్ఫ్ అమ్మేశాను.
మధ్యాహ్నం కిటికీ పక్కన కాఫీ తాగుతుంటే
వీధి ఎక్కుడులో, ఎవరి చేతిలోనో
ఒక ఇంజను దగ్గి, వణికి, చచ్చిపోతుంది.
బల్ల కింద నా ఎడమ కాలు నేలని తొక్కుతుంది.
మోకాలు కెవ్వుమంటుంది.
కప్పు దించి, కిటికీ తెరిచి అరుస్తాను:
"సగమే వదలాలి! సగమే!"