పేర్లు పడేదాకా

మంగళవారం, లేసు సెంటర్‌కి సెలవు పెట్టి
సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను.
కొబ్బరికాయల ఆటోకీ, పాలక్యాన్ల బండికీ నడుమ
నాకొక్కదానికి సరిపడా చోటుంది.
వశిష్ఠ మీద ఎండ.
దాన్ని చూడ్డానికి పక్కన ఇంకొకరు అక్కర్లేదని
నది మధ్యలో తెలిసింది.
గభాల్న కాదు,
ఇంజను మోత చెవికి అలవాటయినట్టు.

నర్సాపురంలో హాలు అదే.
సైకిల్ స్టాండు గనిరాజు
చీటీ చింపబోయి నా వెనక చూశాడు.
ఇవాళ బండి లేదండి, అన్నాను.
ఆయ్, అన్నాడు. ఇంకేం అడగలేదు.
మర్యాదస్తుడు.

మూడేళ్లలో మనం చూసినవి ఇరవై ఆరు.
ఒక్కదాని చివరా నేను చూళ్లేదు.
ఆఖరి పంటు దొరకదని
ఫైటు మధ్యలో లేపేసేవాడివి.
కాస్త జరగండి, కాస్త జరగండి అంటూ
చీకట్లో ఊరందరి మోకాళ్లూ దాటుకుని,
రేవు దాటాక అడిగేదాన్ని, తర్వాతేమవుద్దీ అని.
"ఏముంది, కలిసిపోతారు."
ఇరవై ఆరు సార్లూ అదే.

మ్యాట్నీకి వస్తే సరిపోయేది.
అంత చిన్న సంగతి
ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పక్క సీట్లో ఒక మామ్మ. మొగల్తూరట.
కళ్లజోడు ఐదింటికి ఇస్తామన్నార్ట,
అందాకా ఎండలో ఎక్కడ కూచోనూ అని
టికెట్ కొనుక్కుంది. చెవీ అంతంతమాత్రం.

"ఏం చేస్తన్నాడమ్మా?"
వానలో నిలబడ్డాడండి.
"గొడుగు లేదా?"
లేదండి.
"ఎవరూ చెప్పలేదా ఆడికి?"

అలా సగం సినిమా నేనే చెప్పాను
ముక్కూమొహం తెలియని మనిషి చెవిలో.
అప్పుడు వాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని
గొంతు తగ్గించి ఏదో అన్నాడు.
"ఏమన్నాడూ?"
నాకు నోరు పెగల్లేదు.
"ఏమన్నాడమ్మా?"
నువ్వు లేకపోతే నేను లేనంటున్నాడండి.
"ఆ?"
గట్టిగా చెప్పాను. ముందు వరసలు తిరిగి చూశాయి.
నువ్వు లేకపోతే, నేను, లేను.
నాలుగు నెలలుగా అడ్డంపడ్డ చేపముల్లు
అన్నం ముద్దతో దిగినట్టు దిగింది.

మామ్మ కాసేపు ఆలోచించింది.
"అబద్ధం. మా ఆయన పోయి పదకొండేళ్లు.
నేనున్నాగా. ఇదిగో, జంతిక తిను."

నవ్వొచ్చింది. వెనకాలే ఏడుపొచ్చింది.
తెర మీద కామెడీ నడుస్తోంది గనక
ఎవరికీ తేడా తెలీలేదు.

ఇంటర్వెల్లో మిరపకాయ బజ్జీ తిన్నాను.
నీకు కారం పడదని
మూడేళ్లూ అరటికాయ బజ్జీయే.
నాకు అరటికాయ ఇష్టమని కూడా
అనేసుకున్నాను ఎందుకో.
తప్పుపడ్డ అల్లిక విప్పడం సెంటర్లో నా పని.
విప్పితే దారం పోదు.
కొన్నాళ్లు వంకరలు గుర్తుపెట్టుకుంటుంది.

ఫైటు మొదలవగానే
నా కాళ్లు వాటంతటవే లేచాయి.
కూచోబెట్టాను.

కలవలేదు వాళ్లు.
ఆ పిల్ల బస్సెక్కింది.
"కలిశారా?"
లేదండి.
"కిటికీ పక్క సీటు దొరికిందా?"
దొరికిందండి.
"అయితే పర్లేదు."

లైట్లు వేసేశారు. తెర మీద ఇంకా పేర్లు:
బట్టలు కుట్టినవాళ్లు, టీ అందించినవాళ్లు,
వాన కురిపించిన ట్యాంకరు ఓనరు.
ఊడ్చే ఆవిడ మా వరస చివర ఆగి
"అయిపోయిందండీ" అంది.
తెలుసండి, పేర్లు చూస్తున్నాను.
ఆవిడా చీపురు గోడకి ఆన్చి
కాసేపు చూసింది.

మామ్మని కళ్లజోడు షాపు దాకా దింపాను.
పెట్టుకుని, అద్దంలో తనని చూసుకోలేదు,
ముందు నావైపు తిరిగింది.
"ఇంత చిన్నపిల్లవా!
గొంతు విని
ఎవరో పెద్దావిడ అనుకున్నాను."