కృపావరమ్మ బాకీ

ఆదివారం ఆరాధన అయ్యాక
గుడి తలుపు ఓరగా వేసి
కానుక సంచి చాప మీద బోర్లిస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే పని.
సొసైటీలో ఎరువు బస్తాలు లెక్కపెట్టిన చేతులు కదా,
నమ్మకస్తుడని సంఘం అప్పగించింది.

నోటు చూస్తే చాలు, ఎవరిదో చెప్పగలను.
చేపల వాసన పట్టినవి రేవు వీధివి.
పీచు అంటుకున్నవి కొబ్బరి దింపు వాళ్ళవి.
పసుపు మరకలున్న నాణేలు
పోపుల డబ్బా అడుగునుంచి వచ్చినవి.
నాలుగు మడతలు పెట్టిన నోటు మాత్రం నాది.
వినయమనుకుంటారు అందరూ.
పది రూపాయలని కనబడకూడదని మడతపెడతాను.

గిద్యోను గారిది మడత పడేది కాదు.
కవరులో వచ్చేది, కవరు మీద పేరుతో.
వశిష్ఠ ఒడ్డున పదహారెకరాల రొయ్యల చెరువులు.
గుడిలో పాలరాయి ఆయనదే, ఫ్యాన్లు ఆయనవే,
రెక్కరెక్కకీ పేరు.
తిరుగుతున్నప్పుడు చదవలేం గాని
కరెంటు పోతే
అందరం తలెత్తి చదువుకునేవాళ్ళం.

కోతల పండుగ వేలంపాటలో
కృపావరమ్మ తెచ్చిన లేసు గుడ్డ,
జానెడు, మధ్యలో ద్రాక్షగుత్తి,
ఎనిమిది వేలకి పాడాడాయన.
నరసాపురం కంపెనీ దానికిచ్చేది డెబ్భై.
చప్పట్లు కొట్టాం.
ఆవిడ కొట్టలేదు, చేతిలో ఇంకో దారపుండ ఉంది.

ఆవిడ కానుక బియ్యం.
పూటపూటా ఎసట్లో పోసేముందు
ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తుంది,
నెలాఖరుకి గుడికి తెస్తుంది.
పెద్ద చెయ్యి కాదు.
కృపావరమ్మ, బియ్యం, రెండు కేజీలు
అని రాసుకునేవాణ్ణి.

మొన్న శీతాకాలం చెరువులకి తెల్లమచ్చ తగిలింది.
వారం తిరక్కుండానే
రొయ్యలు గట్టుకి కొట్టుకొచ్చాయి.
ప్రార్థనలో కళ్ళు మూసుకున్నా ఆ కంపు వదల్లేదు.
బ్యాంకు వాళ్ళొచ్చారు. ఏరేటర్లు వెళ్ళాయి, కారు వెళ్ళింది.
ముందు వరసలో ఆయన కుర్చీ
ఎవరూ కూర్చోలేదు, ఎవరూ తియ్యలేదు.
ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ నెలే నా పుస్తకంలో
కృపావరమ్మ గడి ఖాళీ. మరుసటి నెలా ఖాళీ.
ఎర్ర సిరాతో "బాకీ" అని రాశాను.
దేవుడికి గుప్పెడు బియ్యం బాకీ!
రాస్తున్నప్పుడు నాకు నవ్వు కూడా రాలేదు.

మూడో నెల అడగడానికే వెళ్ళాను.
కాలవ గట్టున, వీధి లైటు వెలుగు పడేచోట
పీట వేసుకుని అల్లుతోంది.
"బియ్యం ఆపేశావేంటమ్మా?"
సూది ఆపకుండానే అంది:
"ఆపలేదండి, దారి మళ్ళించాను.
గిద్యోను గారి పెరటి గుమ్మంలో పెట్టొస్తున్నాను,
చీకటి పడ్డాక.
ఒకరిని అడగడం ఎరగరు కదండీ వాళ్ళు,
పాపం, అలవాటు లేదు."

పాపం అంది.
ఆయన గురించి ఆ మాట
మా ఊళ్ళో ఇంకెవరి నోటా వినలేదు నేను.
"ఆయన మనకెప్పుడైనా..." అని మొదలెట్టాను.
ఆవిడ తలెత్తి చూసింది. మానేశాను.

పాస్టరు గారు ఏటా చెప్పే సూదికి బెజ్జముంటుంది,
దాని ముందు ఒంటె నిలబడి ఉంటుంది,
మా చూపులన్నీ ఒంటె మీదే.
ఈవిడ సూదికి బెజ్జమే లేదు.
చివర చిన్న కొక్కెం.
దూరగలవా అని ఎవరినీ అడగదది,
అందిన దారాన్ని అందినట్టే
ఇవతలికి లాక్కుంటుంది.
దోమలు కుడుతున్నా చాలాసేపు చూశాను.

ఇంటికొచ్చి బాకీ కొట్టేశాను.
కొట్టేసినా ఎర్రగానే కనిపిస్తోంది.
బియ్యం డబ్బా మూత తీస్తే
"ఏం వెతుకుతున్నారు?" అంది సలోమి.
చెప్పలేదు.
గుప్పెడు నిండా తీశాను.
పైకి లేపేసరికి
కొన్ని గింజలు మళ్ళీ డబ్బాలోకి జారాయి.

జారాయో,
జారనిచ్చానో.