మిగతావారు

నర్సాపురంలో బస్సు దిగి, షేర్ ఆటోలో
రొయ్యల మేత బస్తాల మీద కూర్చుని వెళ్ళాం
కోటలంకకి.
ఈయన సెలవులో ఇంకా పదకొండు రోజులున్నాయి.
ఆ మాట నేననలేదు. ఆయనా అనలేదు.

గేటు దగ్గర ఏసుపాదం గారు
టికెట్ల పుస్తకం ఎగిరిపోకుండా మోచెయ్యి ఆన్చి కూర్చున్నారు.
"పెద్దాళ్ళకి పది, పిల్లలకి అయిదండి.
మిలట్రీ వాళ్ళకి ఊరికేనండి, ఆయ్."
జుట్టు చూసి కనిపెట్టేశారు.
ఈయన మాత్రం ఇరవై అయిదూ ఇచ్చి
తల వంచుకుని లోపలికి నడిచారు.

కోటంటే ఏముంది,
నడుమెత్తు గోడలు, వాటికి మొన్న కొట్టిన సున్నం,
ఫిరంగి నోట్లో ఎవరో కుక్కిన చిప్స్ కవరు.
గుర్రాల సాల ఉన్నచోట ఉయ్యాలలు.
మందుగుండు కొట్టుకి తాళం, లోపల నీళ్ళ మోటారు.
మా చంటిది ఫిరంగెక్కి
అడుగడుగుకీ "ఛల్ ఛల్" అంటోంది.

బోర్డు మీద రాసుంది:
ఒకప్పుడు ఈ పాయే సరిహద్దట.
ఇవతల ఒక కంపెనీ, అవతల ఇంకో కంపెనీ,
మధ్యలో పారేవి మన నీళ్ళు.
కెప్టెన్ పేరుంది, ఆయన్ని తీసుకుపోయిన జ్వరం పేరుంది,
ఆయన కుక్క పేరు కూడా ఉంది.
కింద చిన్న అక్షరాల్లో:
మిగతావారు నలభై ముగ్గురు.

ఈయన బురుజెక్కారు.
పొద్దు వైపోసారి, గాలి వైపోసారి చూసి
పాదాలు ఎడం చేసి నిలబడ్డారు.
ఆ నిలబడ్డం నాకు ఫోనులోనే తెలుసు,
వెనకాల మంచుతో.
"ఏరేదీ?" అన్నారు.
"జరిగిపోయిందండి, మా తాతల నాడే"
కింద నుంచి ఏసుపాదం గారు.
ఎదురుగా అన్నీ చెరువులు. నీళ్ళని చిలికే చక్రాలు, నురగ.
కాపలాకి ఒక కుక్క, ఒక బల్బు.
"అయితే ఎవణ్ణి కాస్తున్నట్టురా మీరు?"
గోడనడిగి నవ్వారు.
చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వలేదు.

మెట్ల కింద, సున్నం చెయ్యి అందని మూల
ఆ గీతలు చూసింది ఆయనే.
మేకుతో గీసినవి.
ఏడు గీతలు, ఒక సున్నా. ఏడు గీతలు, ఒక సున్నా.
వేలు పెట్టి లెక్కపెట్టారు, పెదాలు కదలకుండా.
నూట పదిహేను దగ్గర ఆగిపోయాయి,
వారం మధ్యలో.
నేను గోడకేసి చూడలేదు, ఆ వేలికేసి చూశాను.
"సెలవు దొరికుంటుంది" అన్నారు.
"దొరికుంటుంది" అన్నాను.

మా వంటింట్లో పాల లెక్క క్యాలెండరుంది.
పాలొచ్చిన రోజుకి గీత, రానిరోజుకి సున్నా అని
అత్తగారికి చెప్తాను.
పాలవాడు మానేసి రెండేళ్ళయింది.
ఈ నూట పదిహేనుకీ ఎక్కడో ఒక జత ఉండే ఉంటుంది,
బొగ్గుతో, ఏ మట్టిగోడ మీదో,
పండక్కి అలికితే పోయి
మర్నాడు మళ్ళీ ఒకటి నుంచి మొదలై.

ఆరింటికి ఏసుపాదం గారు ఈల ఊదారు.
ఈయన వెన్ను దానంతటదే నిటారైంది.
అది చూసి చంటిదీ నిలబడింది,
పొట్ట ముందుకి పెట్టి, ఒక చెప్పుతో.
"ఎవరక్కడ?" అన్నారు, డ్యూటీ గొంతుతో.
చెప్పింది. ఇంటిపేరుతో సహా,
చెరువు గట్టు మీద కుక్క లేచి మొరిగేంత గట్టిగా.
రెండో చెప్పు ఫిరంగి కింద దొరికింది.